పన్నెండో వాక్యం

అయినా ఆ గడిలో ఏం రాస్తే ఏం, పేరు రాశాక, ఊరు రాశాక, మిగతాది ఎవరు చదువుతారు గనక అనుకుంది మృణాళిని. అనుకుని మళ్ళీ ఆ గడి దగ్గరే ఆగిపోయింది. పోస్టుకార్డులో సగం ఉన్న పచ్చ కాగితం అది. శాసనసభ కమిటీ ముందు మాట్లాడదలచుకున్నవాళ్ళు నింపి గుమాస్తాకి ఇవ్వాల్సిన చీటీ. పేరు, ఊరు, బిల్లు నంబరు. అనుకూలమా, వ్యతిరేకమా, సవరణతో అనుకూలమా. అన్నిటికన్నా కింద ఇంకొక గడి: 'ఎవరి తరఫున?'

రెండేళ్ళలో ఇలాంటి చీటీలు ఆరు నింపింది. ఆరింటిలోనూ ఆ గడిలో 'స్వయంగా' అని రాసింది. రాస్తున్నప్పుడు లోపల ఎక్కడో చిన్న గర్వం వెచ్చగా తగిలేది. ఎందుకంటే ఈ పాలరాతి వసారాలో, సభ్యులు లోపలినుంచి వచ్చే ఆ పెద్ద తలుపుకీ ఈ ఇత్తడి కమ్మీకీ మధ్య, నలభైమంది నిలబడి ఉంటే అందులో ముప్ఫై ఎనిమిదిమంది ఎవరో ఒకరి తరఫున వచ్చినవాళ్ళే. మందుల కంపెనీల తరఫున, రోడ్డు కాంట్రాక్టర్ల తరఫున, చక్కెర తరఫున, తుపాకుల తరఫున, తేనెటీగల తరఫున కూడా. అమెరికాలో ఏ రాష్ట్ర రాజధానికి వెళ్ళినా ఈ వసారా ఉంటుంది, అందులో వీళ్ళు ఉంటారు. తలుపు దగ్గరి బంట్రోతుకి చీటీ ఇస్తారు. అతను లోపలికి తీసుకెళ్తాడు. సభ్యుడికి బుద్ధి పుడితే బయటికొస్తాడు. వచ్చినవాడి చెవిలో ఒక మాట పడుతుంది. ఆ మాట వారం తిరక్కుండా సభలో వినిపిస్తుంది, సభ్యుడి సొంత గొంతుతో.

ఆ దారిని పట్టుకోవడానికే తొమ్మిదేళ్ళు పనిచేసింది మృణాళిని. పది గంటలకు లోపలికి పిలుస్తారు. ఇప్పుడు తొమ్మిదిన్నర. ఈ అరగంటలో చీటీ ఇవ్వకపోతే ఆమె పేరు జాబితాలో ఉండదు. ఇస్తే లోపలికెళ్ళి, తన పరికరాన్ని చట్టం చెయ్యమని అడగాలి. ఆ మాట అడగడానికి ఆమెకి గొంతు లేదు. జలుబు చేసి కాదు.

పరికరానికి ప్రయోగశాలలో పొడుగాటి పేరొకటి ఉంది. మృణాళిని మటుకు మొదటినుంచీ దాన్ని 'ఊట' అనే పిలిచేది. చెరువులో నీళ్ళు అందరికీ కనిపిస్తాయి, ఊట ఎక్కడుందో దిగి కాలు పెట్టినవాడికే చల్లగా తగులుతుంది. అది తలకి కట్టుకునే మెత్తటి పట్టీ. నమ్మిన మాట ఒకటి పైకి చెప్పాలి. చెబుతున్నప్పుడు మెదడులో వెలిగిన దారినే అది వెనక్కి నడిచి, ఆ మాట మొట్టమొదట లోపలికి వచ్చిన క్షణం దగ్గర ఆగుతుంది. ముందు వాసన వస్తుంది. తర్వాత గొంతు. ఆఖరికి గది.

కిందటి నవంబరులో డోరిస్ హాల్వర్సన్ ఆ పట్టీ కట్టుకుని కూర్చుంది. డెబ్బై ఒక్కేళ్ళ సెనేటరు. రాజకీయాల్లోకి రాకముందు పాల ట్యాంకరు నడిపిన మనిషి. సభలో ఆవిడ తరచూ చెప్పే మాటలు పన్నెండు ఏరి కాగితం మీద పెట్టారు.

"కూల్‌డ్రింకుల మీద పన్ను వేస్తే పేదవాడి దాహం మీద వేసినట్టే," అని చదివింది డోరిస్. కళ్ళు మూసుకుంది. ముక్కు ఎగబీల్చింది. "పంది మాంసం వేయిస్తున్నారు... హోటల్లో పొద్దుటి ఫలహారం... ఎర్ర టై కుర్రాడు. పళ్ళు తెల్లగా..." కళ్ళు తెరిచింది. "అరే! నేనిది మా నాన్న మాటనుకున్నానే! మా నాన్న గొంతుతో చెప్పేదాన్ని!" అని పగలబడి నవ్వింది.

నాలుగో మాటకి నవ్వు తగ్గింది. ఏడో మాటకి పోయింది. పన్నెండింటిలో తొమ్మిది అలాంటి ఫలహారపు బల్లల దగ్గరే పుట్టాయి. ఒకటి క్షవరశాలలో ఎవరో అన్నది. ఒకటి చనిపోయిన భర్త హెరాల్డ్‌ది. ఆఖరిది, పన్నెండోది, 'పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ దగ్గర రక్తపుచుక్క తీసి పరీక్ష చెయ్యాలి' అన్నది.

"మా సభ వసారా," అంది డోరిస్ నెమ్మదిగా. "అక్కడి బెంచీ. ఒకావిడ, ఒళ్ళో చిన్న మేజోడు."

మృణాళిని తెర మీద గీతలు చూసుకుంటూ దాన్ని రాసుకుంది. రాసుకుంది, అంతే. ఆ పరీక్ష గురించి ఎవరో ఎవరినో అడగాల్సి వచ్చిందని ఆమెకి ఏనాడూ తట్టలేదు. వాన పడ్డట్టు, పొద్దు పొడిచినట్టు, అది ఉంది గనక ఉంది.

ఊటకి ఒక మూల్యం ఉందని అప్పటికే వాళ్ళకి కొంచెం తెలుసు. ఎంత పెద్దదో డోరిస్ దగ్గరే తెలిసింది. వారం తర్వాత అవే మాటలు మళ్ళీ చెప్పిస్తే ఆవిడ చెప్పలేకపోయింది. మాట నోటిదాకా వచ్చేసరికి ఎర్ర టై కుర్రాడి గొంతు ముందు పలికేది. పుట్టిన చోటు కనబడగానే మాట వదులైపోయి, ఇచ్చినవాడి దగ్గరికి నడిచి వెళ్ళిపోయేది. హెరాల్డ్ మాట కూడా హెరాల్డ్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళు సభని దడదడలాడించిన మనిషి అప్పటినుంచి మౌనంగా మీట నొక్కి ఓటేసి వస్తోంది.

పన్నెండోది ఒక్కటే కదలలేదు. మొదటి రోజు ఎంత గట్టిగా ఉందో అంతే గట్టిగా ఉంది.

"అక్కడ మన పరికరం పట్టు తప్పింది," అన్నాడు డాక్టర్ కెస్లర్, ప్రయోగశాల పెద్ద. "పదకొండు ఊడాయి, ఒకటి ఊడలేదంటే ఆ ఒకటీ చెత్త. తీసేయ్."

తీసేసింది. తెర మీద ఆ వరుసని ఎంచి మీట నొక్కడానికి ఎంతసేపు? సరిపడని ఒక్క ముక్కని పరికరం మీదకి నెట్టేసి, సరిపడిన పదకొండింటినీ సత్యం అనుకోవడం వాళ్ళ వృత్తిలో అందరికీ ఉన్న అలవాటే. ఆ పదకొండింటి ఆధారంగానే బిల్లు తయారైంది. సభ్యులందరూ ఓటుకి ముందు ఊట కట్టుకోవాలి. సంఘాల దగ్గరనుంచో, కంపెనీల దగ్గరనుంచో వచ్చిందని తేలిన మాటని రికార్డులోంచి కొట్టేయాలి. అలాంటివాళ్ళెవరూ ఈ వసారాలో అడుగు పెట్టకూడదు.

శనివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆమె తన సాక్ష్యం చదివి వినిపిస్తోంది. ఎదురుగా కూతురు ఆముక్త వంటింటి త్రాసు మీద కంచం పెట్టి అన్నం తూచుకుంటోంది. ఆ ఇంట్లో మూడు పూటలా జరిగే పని అది. ఆ పిల్లకి మాంసకృత్తుల్ని విడగొట్టే ఒక చిన్న పనిముట్టు పుట్టుకతోనే ఒంట్లో లేదు. పప్పు విషం. పెరుగు విషం. అన్నం కూడా తూచి తినాలి. సొరకాయా బీరకాయా, సగ్గుబియ్యం ఉప్మా, డబ్బాలో వచ్చే చేదు పొడి. తెలుగింట పుట్టి పప్పన్నం రుచెరగని పిల్ల. ఏపుగా, తల్లికన్నా రెండంగుళాలు పొడుగు ఎదిగింది.

"అరవై రెండు గ్రాములు," అంది ఆముక్త. "రెండెక్కువ. నాన్నా, నీకు బోనస్." చెంచాడు మెతుకులు తండ్రి కంచంలోకి నెట్టింది.

"పెట్టమ్మా పెట్టు. మీ అమ్మ ఉపన్యాసంతో కడుపు నిండట్లా," అన్నాడు శశాంక్. అతనిది ఒంగోలు.

మృణాళిని విననట్టు చదువుకుపోయింది. "'పౌరుడికీ అతని ప్రభుత్వానికీ మధ్య మరెవరూ నిలబడకూడదు.'"

"అమ్మా, ఆగు. ఇదెవరు రాశారు?"

"నేనే. ఏం?"

"నువ్వింత నున్నగా మాట్లాడవు. మధ్యలో ఆగుతావు, 'అంటే ఏమిటంటే' అంటావు, చేతులు తిప్పుతావు. ఇది టూత్‌పేస్టు యాడ్‌లా ఉంది."

"ఊరుకోవే అమ్ములూ. మంగళవారం మీ అమ్మ రాష్ట్రం మొత్తాన్నీ ఉతికి ఆరేయబోతా ఉంది."

"ఉతకనీ నాన్నా. సొంత సబ్బుతో ఉతకమంటున్నా."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు అయిపోయాక కూడా పిల్ల మాట మృణాళినిని వదల్లేదు. ఆ వాక్యం తనదేనని ఆమెకి రూఢిగా తెలుసు. ఎక్కడ పుట్టిందో కూడా తెలుసు. అనకాపల్లిలో, ఏదో ఆఫీసు అరుగు మీద, తన పదేళ్ళ వయసులో. లోపలికి పోవాలంటే దళారీని పట్టుకోవాలని ఎవరో చెబితే నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిపోయిన మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నమే తనని ఈ పనిలోకి తెచ్చిందని ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పింది.

ఆదివారం ఉదయం ఎవరూ లేని ప్రయోగశాలలో తనే పట్టీ కట్టుకుంది. వాక్యం చెప్పింది. అరుగు మీది ఎండ వాసన కోసం, సున్నం గోడ వాసన కోసం ఎదురుచూసింది.

ఆవాల ముద్ద వాసన వచ్చింది. పుల్లటి దోసకాయ. మంచుగడ్డలు వేసిన గ్లాసు చప్పుడు. రెండేళ్ళ కిందట, ఒక భోజనశాల. ఎదురుగా ప్రెంటిస్, పట్టీలు తయారుచేయబోయే కంపెనీకి ఈ వసారాలో మాట్లాడిపెట్టే మనిషి. ఆప్యాయంగా ముందుకు వంగి అంటున్నాడు: "పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య ఎవరూ ఉండకూడదు డాక్టర్. మీరు ఎప్పటినుంచో అనుకుంటున్న మాటే, నేను పైకి అంటున్నానంతే."

ఆమె పట్టీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అరుగు అబద్ధం కాదు. నాన్న చెప్పులు అబద్ధం కాదు. వాటి మీద ఎవరో ఒక వాక్యాన్ని కప్పి వెళ్ళారు, దుప్పటి కప్పినంత ప్రేమగా. తను ఆ దుప్పటినే ఒళ్ళనుకుంది. ఏ మాటకీ దళారీ ఉండకూడదన్న మాట తనకొక దళారీ ఇచ్చాడు. నవ్వు రావాల్సిన చోట ఆమెకి సిగ్గేసింది. గట్టిగా చదివి చూద్దామని సాక్ష్యం తీసింది. మొదటి వాక్యం దగ్గరే ప్రెంటిస్ గొంతు పలికింది, గొంతు వెనక దోసకాయ కొరికిన చప్పుడు.

డోరిస్‌కి ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకోలేక, సోమవారం మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వెళ్ళింది.

"మీకు క్షమాపణ చెప్పుకోవడానికొచ్చాను," అంది గుమ్మంలోనే.

"ముందు కూర్చో. నిలబడి చెబితే నాకు మెడ నొప్పి." డోరిస్ ఆమెని వంటింట్లోకి లాక్కెళ్ళి, కాఫీ పోసి, తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "దేనికి క్షమాపణ?"

"మీ గొంతుకి."

"ఓ, అదా." ఆవిడ కిటికీలోంచి మంచు చూసింది. "మొదట్లో ఏడ్చాను, అబద్ధమెందుకు? హెరాల్డ్ మాట పోయినప్పుడు మరీను. తర్వాత ఒకటి గమనించాను. నేను మాట్లాడకపోతే అవతలివాళ్ళు మాట్లాడతారు! ఇరవై రెండేళ్ళు వాళ్ళ పక్కనే కూర్చున్నాను, వాళ్ళేమంటారో ఇప్పుడే వింటున్నాను. అందుకు నీకు ఒక దండం పెట్టాలి. పైగా ఒకటి మిగిల్చావు కదా. మడమ మాట."

మృణాళిని కప్పు కింద పెట్టింది. "అది... అది పరికరం పట్టు తప్పిందని తీసేశాం."

"పట్టు తప్పడమా? ఎవరన్నారు? శుభ్రంగా పట్టుకుంది. బెంచీ చూపించింది, లొరెయిన్‌ని చూపించింది. కాకపోతే అందులో నాకు కొత్తేముంది? ఆ మాట నాకు లొరెయిన్ ఇచ్చిందని నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు."

తొమ్మిదేళ్ళుగా తను వెతుకుతున్నది బల్లకి అవతల ఒక ముసలావిడ కాఫీలో చక్కెర కలుపుకుంటూ చెప్పేసింది. అరువు తెచ్చుకోవడం వల్ల కాదు మాట ఊడిపోయేది. తెచ్చుకున్నామని మరిచిపోవడం వల్ల. ఎవరిచ్చారో గుర్తుపెట్టుకున్న మాటని ఏ యంత్రమూ లాక్కోలేదు, దాచిందేమీ లేదు గనక.

"ఎలా వచ్చింది ఆవిడ మీ దగ్గరికి?"

"మంగళవారం మంగళవారం చీటీ పంపేది. పది వారాలు నేను బయటికి రాలేదు. పదకొండో వారం వచ్చాను, వదిలించుకుందామని. బెంచీ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఇంత మేజోడు." డోరిస్ బొటనవేలంత చూపించింది. "'ఇది వేసే కాలి మడమ నుంచి ఒక్క చుక్క తీసి ఉంటే సరిపోయేదండీ' అంది. అంతే. నాకు అంకెలేవీ చెప్పలేదు. తొమ్మిది రోజులు బతికాడట ఆవిడ కొడుకు. పాలు తాగినకొద్దీ పోయాడట."

"ఒక్కతే వచ్చిందా?"

"మిగతా తల్లులు ముప్ఫైమంది. బస్సులో వచ్చేవాళ్ళు. ఆ బస్సూ, మధ్యాహ్నం తిండీ, తలకి టోపీలూ అన్నీ ఆ పరీక్ష సామాను అమ్మే కంపెనీవి. బిల్లు ముసాయిదా కూడా వాళ్ళ మనిషే రాసిచ్చాడు, నా చేతికి."

"మీకు అనుమానం రాలేదా?"

"ఎందుకు రాదు? పాల ట్యాంకరు నడిపినదాన్ని, నీళ్ళు కలిస్తే నాకు తెలీదా? బస్సు ఎవరిదో తెలుసు. బస్సులో ఎవరున్నారో కూడా తెలుసు. బస్సు బాగాలేదని అందులో ఉన్నవాళ్ళని వెనక్కి పంపెయ్యమంటావా?" చెంచా ఆపింది. "ఆ ఏడాది వేరే బిల్లులన్నీ పడిపోయాయి. ఆఖరి రోజు గ్రంథాలయాల బిల్లుకి దీన్ని తోకలా తగిలించాం. ఏప్రిల్ ఒకటి నుంచి అమలు."

"ఏ ఏడాది?"

డోరిస్ చెప్పింది.

అదే ఏడాది జూన్ పదిన ఆముక్త పుట్టింది. నాలుగో రోజు ఉదయం ఫోను. పరిచయం లేని ఆడ గొంతు: మడమ రక్తంలో జబ్బు తేలింది, పిల్లకి పాలు ఆపండి, ఇంకో చుక్క పట్టకండి, ఉన్నపళంగా రండి. ఆ గొంతుని మృణాళిని పద్నాలుగేళ్ళుగా వైద్యశాస్త్రం గొంతనుకుంది. మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నా ఆ దండం ఏదో తెల్లటి పెద్ద భవనానికి చేరేది. పది వారాలు. ఏప్రిల్ ఒకటికీ జూన్ పదికీ మధ్య పది వారాలు. గ్రంథాలయాల బిల్లుకి తోక. కంపెనీవాడి టోపీ పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న ఒక ఆడమనిషి. ఆ మనిషి ఇచ్చిన మాటనే తను నవంబరులో ఒక వేలితో చెరిపేసింది.

"ఏమైంది పిల్లా? తెల్లబోయావేం?"

"మా అమ్మాయి," అంది మృణాళిని. "ఆ ఏడాది జూన్‌లో పుట్టింది. ఆ చుక్కతోనే బతికింది."

డోరిస్‌కి అర్థం చేసుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత ఆవిడ చాలా చిన్నచిన్న ప్రశ్నలు వేసింది. పొడుగ్గా ఉంటుందా? జుట్టు పెంచుతుందా? అల్లరా? పేరేమిటి? ఆముక్త అని మూడుసార్లు అనిపించుకుని, నాలుగోసారి తనే అంది, తప్పుగా, సంతోషంగా.

"మీకు ఎలా..." అని మొదలుపెట్టింది మృణాళిని.

"నాకు కాదు. నేను తగిలించానంతే, ఇచ్చింది వేరే ఆవిడ. ఇప్పటికీ మంగళవారాలు వస్తూనే ఉంటుంది."

ఆ మంగళవారం ఇది. ఉదయం కెస్లర్‌కి ఫోను చేసి పన్నెండో వాక్యాన్ని తిరిగి పెట్టేశానని చెప్పింది. ఆయన ముందు కంపెనీ చేజారుతుందని హెచ్చరించాడు, ఆ పైన ఊడనిది ఎందుకు ఊడలేదో రాసి పంపమన్నాడు. ఆయనా శాస్త్రవేత్తే గదా. అదంతా గుర్తొచ్చి, చేతిలో పచ్చ చీటీతో ఆమె బెంచీకి కుడి చివర కూర్చోబోయింది.

"అటు వద్దండీ. అక్కడ మేకు లేచి ఉంటుంది, చీర పట్టేస్తుంది," అంది బెంచీ మధ్యలో కూర్చున్న ఆవిడ. "రెండు స్కర్టులు అర్పించుకున్నాను దానికి. ఇటు రండి."

యాభై అయిదేళ్ళుంటాయి. కోటుకి ఒక బొత్తం ఊడింది. ఆరుసార్లు ఈ వసారాకి వచ్చినప్పుడూ మృణాళిని ఈవిడని చూసింది. టోపీ మీద సంఘం పేరు చూసి, వీళ్ళలో ఇంకొకరు అనుకుని, నాలుగడుగులు దూరంగా వెళ్ళి నిలబడింది.

"మీరు ఆ యంత్రం డాక్టరు కదూ? నేను లొరెయిన్ క్రెన్షా. మీ బిల్లుకి వ్యతిరేకం అని గీశాను. ఏమీ అనుకోకండి." సంచిలోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చింది. "ఇది పాసైతే నేనీ బెంచీ ఖాళీ చెయ్యాలట గదా. బెంచీ సంగతి సరే. కొత్త జబ్బులు మూడున్నాయి, వాటి పరీక్షలు ఇంకా ఎక్కించలేదు. ఆ పిల్లల తల్లులకి ఇవాళ్టికి ఆ సంగతే తెలీదు. తెలిసేటప్పటికి... అదీ."

మృణాళిని పిప్పరమెంటు విప్పకుండా పట్టుకుంది. "చీటీలో ఆఖరి గడిలో మీరేం రాస్తారు?"

"అదో పెద్ద గొడవ! మా టోబీ పేరు రాస్తాను. సంస్థ పేరు కావాలమ్మా, మనిషి పేరు కాదు అంటాడు గుమాస్తా. సంస్థ పేరు రాసి పక్కన వాడి పేరు రాస్తాను. పదహారేళ్ళనుంచీ ఆయన కొట్టేస్తాడు, నేను రాస్తాను."

లోపలినుంచి ఎవరో మైకు సరిచేస్తున్న చప్పుడు. మృణాళిని తను చెప్పాల్సిన మాట కోసం వెతుక్కుంది. ప్రెంటిస్ గొంతు వస్తుందేమోనని భయపడింది. రాలేదు. ఎవరూ రాలేదు. తన గొంతే, ఆగుతూ, చేతులు తిప్పుతూ.

"అంటే ఏమిటంటే... మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. జూన్‌లో పుట్టింది. నాలుగో రోజు పొద్దున్న మాకు ఫోనొచ్చింది, పాలు ఆపమని. మీ ఏప్రిల్ తర్వాత జూన్ అది."

లొరెయిన్ ఆమె వంక చూసింది. పెదాలు కదిలాయి, ఏప్రిల్ నుంచి వారాలు లెక్కపెట్టుకుంటున్నట్టు. తర్వాత రెండు చేతులూ సంచి మీద పెట్టుకుంది.

"పరీక్షలో బయటపడ్డ పిల్లల అంకె పంపుతారు నాకు," అంది ఎట్టకేలకు. "ఏటా ఆరోగ్యశాఖవాళ్ళు. ఈ ఏడు ఇరవై ముగ్గురు, ఈ ఏడు ఇరవై ఒకరు అని. అన్నీ ఒక డబ్బాలో దాచాను. మొహం... మొహం ఎప్పుడూ చూడలేదండీ. వాళ్ళకి నేనెవరో తెలీదు గదా."

మృణాళిని ఫోను తీసింది. శనివారం శశాంక్ తీసిన బొమ్మ. త్రాసు నెత్తిన పెట్టుకుని, నాలుక బయటపెట్టి, మెల్లకళ్ళు పెట్టిన ఆముక్త. లొరెయిన్ దాన్ని చాలా దగ్గరగా పట్టుకుని చూసింది, మళ్ళీ దూరంగా పెట్టి చూసింది. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే ఇంకేదో వచ్చి, కోటు చేతితో తుడుచుకుంది.

"కొంటెపిల్ల," అంది.

"చాలా. నన్ను టూత్‌పేస్టు యాడ్‌లా మాట్లాడుతున్నావంది."

"నిజమేనా?"

"నిజమే. ఇవాళ మాట్లాడను. తలుపు మూసెయ్యొద్దని చెబుతాను. తలుపు దగ్గర పేరడగమని చెబుతాను. చట్టంలో ప్రతి మాట పక్కనా అది ఎవరు తెచ్చారో రాయమని. ఎర్ర టై పేరూ రాయాలి, బస్సు ఇచ్చినవాడి పేరూ, బస్సు దిగినవాళ్ళ పేరూ. ఒప్పుకుంటారో లేదో తెలీదు."

"పదకొండు వారాలు పడుతుంది," అంది లొరెయిన్ అనుభవంతో. "ఒక్కోసారి ఏళ్ళు. బెంచీ గట్టిదే."

పెద్ద తలుపు తెరుచుకుంది. గుమాస్తా తల బయటపెట్టి, ఆఖరి చీటీలు, ఇంకెవరైనా ఉన్నారా, అని కేకేశాడు. లొరెయిన్ లేచి తన చీటీ ఇచ్చి వచ్చింది. అతను కళ్ళజోడు లోంచి ఆఖరి గడి చూసి, అలవాటుగా నిట్టూర్చాడు.

మృణాళిని చీటీని మోకాలి మీద పరుచుకుంది. 'సవరణతో అనుకూలం' దగ్గర గీత పెట్టింది. కలం ఆఖరి గడి మీదకి వచ్చి, ఈసారి ఆగలేదు గానీ, ఒక్కటి అడగాల్సి వచ్చింది.

"మీ బాబు పూర్తి పేరు?"

లొరెయిన్ చెప్పింది. టోబియాస్ జేమ్స్ క్రెన్షా. గుండ్రటి అక్షరాలతో, గడి సరిపోక అంచు దాటిపోతున్నా ఒక్క అక్షరం కుదించకుండా, మృణాళిని ఆ పేరు రాసింది.